చెన్నైలో ఒక శనివారం, ఒక ఆదివారం: కోయంబేడులో ఆవకాయ సరుకు, ఎగ్మోర్‌లో అమరావతి

మాది తెనాలి పక్క. చెన్నై వచ్చి తొమ్మిదేళ్లయింది, అశోక్ నగర్‌లో ఉంటాం. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. మొదటి రెండేళ్లు ఆవకాయ అమ్మ దగ్గర నుంచే వచ్చేది. తర్వాత అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి, నేనే పెట్టుకోవడం నేర్చుకున్నాను. పరాయి ఊళ్లో కాయ ఎక్కడ కొనాలో, ఏ కాయ కొనాలో, కారం ఎలా అడగాలో తెలియక రెండు సంవత్సరాలు పచ్చడి పాడు చేసుకున్నాను. మరొకరికి అలా కాకూడదనే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. సెలవు రోజుల్లో ఇంటి పని ఒకవైపు, పిల్లల షికారు ఒకవైపు లాగుతుంటాయి. పని అయ్యేసరికి మనం అలసిపోతాం, షికారు ఏదో ఒక మాల్‌లో ముగుస్తుంది. మేము ఈ రెంటినీ కలిపి చూడటం మొదలుపెట్టాం. శనివారం పొద్దున్నే కోయంబేడు మార్కెట్, ఆ సాయంత్రం ఆవకాయ కలపడం, ఆదివారం ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు. మార్కెట్, మ్యూజియం రెండూ మెట్రో గ్రీన్ లైన్ మీదే ఉన్నాయి. ఒకటి కృష్ణా తీరపు రుచి, ఇంకొకటి కృష్ణా తీరపు రాయి. పిల్లలకు మన ఊరి గురించి నేను కూర్చోబెట్టి చెప్పిన వాటికన్నా ఈ రెండు రోజుల్లో వాళ్లే అడిగి తెలుసుకున్నవి ఎక్కువ.

ఎప్పుడు పెట్టుకోవాలి

ఏప్రిల్ చివరి వారం నుంచి మే మూడో వారం లోపు ఒక శని, ఆదివారాలు ఎంచుకోండి. కాయ లోపల టెంక గట్టిపడి ఉండాలి, కానీ పండు లక్షణం మొదలు కాకూడదు. చెన్నైలో మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా కత్తిరి ఎండలు అంటారు. ఎండ బాధే, కానీ ఆవాలకు, ఉప్పుకు, జాడీకి ఆ ఎండే కావాలి. ఒక గట్టి వాన పడ్డాక వచ్చే కాయ ముక్క త్వరగా మెత్తబడుతుంది. వాన పడిన మర్నాడు కాయ కొనకండి, ఒక వారం ఆగండి.

వారం ముందు చేయాల్సినవి

ముందుగా అపార్ట్‌మెంట్ టెర్రస్ తాళం సంగతి చూసుకోండి. చాలా చోట్ల టెర్రస్‌కు తాళం వేసి ఉంచుతారు, అసోసియేషన్ వాళ్లను అడిగితే ఇస్తారు. బాల్కనీలో రెండు గంటల ఎండ చాలదు.

ఆవాలు, రాళ్ల ఉప్పు, మెంతులు విడివిడిగా పాత చీర మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మన వైపులా సాయంత్రం దాకా ఉంచకండి. చెన్నైలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి మొదలవుతుంది, ఆ గాలిలో చెమ్మ ఉంటుంది. పొద్దున అంతా ఎండిన ఉప్పు సాయంత్రానికి మళ్లీ తడి పట్టేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి పెట్టి రెండింటికల్లా తీసేసి, వేడి తగ్గగానే మూత గట్టి డబ్బాలో పోసేయాలి. జాడీ కూడా కడిగి అదే ఎండలో బోర్లించి పెట్టండి.

ఆవాలు వేయించకండి. ఇది కొత్తగా పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఆవపిండిలో ఘాటు ముందే ఉండదు, పిండికి తడి తగిలినప్పుడు పుడుతుంది. ఆవగింజలో ఉండే ఒక ఎంజైము తడిలో పనిచేసి ఆ ఘాటును తయారు చేస్తుంది. వేయిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఇక మామిడి ఊటలో ఎంత నానినా ఘాటు రాదు. అందుకే మిక్సీలో ఆడించేటప్పుడు కూడా ఆపి ఆపి, వేడెక్కకుండా ఆడించాలి.

కారం దగ్గర నేను దెబ్బతిన్నాను. ఇంటి దగ్గర ఒక కొట్టులో కారప్పొడి అడిగితే ఎర్రగా ఉన్న పొడి ఇచ్చారు, తెచ్చి కలిపేశాను. మూడో రోజు జాడీ తీస్తే ధనియాల వాసన. తమిళ ఇళ్లలో వాడకం ఎక్కువగా కుళంబు తూళ్, అంటే మిరపకాయతో పాటు ధనియాలు, ఇంకా కొన్ని దినుసులు కలిపి ఆడించింది. నేను సరిగ్గా అడగలేదు, వాళ్లు తమ అలవాటు ప్రకారం ఇచ్చారు. మీరు ‘తని మిళగాయ్ తూళ్’ అని అడగండి. తని అంటే విడి, ఇంకేమీ కలపనిది. మిల్లులో మీరే ఆడించుకుంటే ఇంకా మంచిది. కానీ మీకన్నా ముందు ఆడించినవాళ్లు ధనియాలు పోశారేమో చూసుకోండి. పోసి ఉంటే మొదటి గుప్పెడు పక్కకు తీసేయమని అడగండి, కాదనరు. మిరపకాయలు ఊరి నుంచి తెచ్చుకోగలిగితే గుంటూరువే తెచ్చుకోండి. రంగు ఎక్కువ, మంట తక్కువ కావాలంటే సగం కాశ్మీరీ మిరప కలుపుకోవచ్చు, మేము పిల్లల కోసం అలాగే చేస్తాం.

నూనెకు మాత్రం చెన్నై కన్నా మంచి చోటు లేదు. మన పప్పు నూనెను ఇక్కడ నల్లెణ్ణై అంటారు. గానుగ నూనె కావాలంటే ‘చెక్కు నల్లెణ్ణై’ అని అడగండి, ప్రతి పేటలోనూ ఆ కొట్టు ఉంటుంది. నువ్వులు ఆడించేటప్పుడు ఇక్కడ కరుప్పట్టి, అంటే తాటిబెల్లం, వేయడం అలవాటు. అందువల్ల నూనె రంగు కాస్త ముదురుగా ఉంటుంది, ఓ చిన్న తీపి జాడ తగులుతుంది. ఆవకాయకు అది ఏ నష్టమూ చేయదు. అది కూడా వద్దనుకుంటే బెల్లం వేయని నూనె ఉందా అని అడగండి.

శుక్రవారం రాత్రి

రెండు గట్టి గుడ్డ సంచులు, ఒక చిన్న సంచి, చిల్లర, నీళ్ల సీసా, పిల్లలకు జారని చెప్పులు. మార్కెట్‌లో నేల తడిగా, కాయగూరల తుక్కుతో ఉంటుంది, హవాయి చెప్పులు పనికిరావు. ఫోన్ పే చాలా కొట్లలో ఉంది కానీ పొద్దున్నే హడావిడిలో చేతిలో నోట్లు ఉంటే పని త్వరగా అవుతుంది.

ఏం కొనాలో రాసుకోండి, అది పాప చేత రాయించండి. మా పాప ఒకవైపు తెలుగు పేరు, పక్కన తమిళ పేరు తెలుగు లిపిలోనే రాస్తుంది. మీకూ పనికొస్తాయి: మామిడికాయ మాంగాయ్, వెల్లుల్లి పూండు, ఆవాలు కడుగు, మెంతులు వెందయం, రాళ్ల ఉప్పు కల్ ఉప్పు, గోంగూర పులిచ్చ కీరై, దొండకాయ కోవక్కాయ్, బీరకాయ పీర్కంగాయ్, సొరకాయ సురక్కాయ్, వంకాయ కత్తిరిక్కాయ్. ‘కిలో ఎవ్వళవు?’ అంటే కిలో ఎంత అని. ఈ ఒక్క ప్రశ్న వస్తే మిగతాది చేతులతో నడుస్తుంది. ఆంధ్రా నుంచి సరుకు వచ్చే మార్కెట్ కనుక తెలుగు అర్థమయ్యేవాళ్లు కూడా కనిపిస్తారు, అయినా మొదటి మాట తమిళంలో అనండి. అవతలి మనిషి ముఖంలో తేడా మీకే తెలుస్తుంది.

శనివారం పొద్దున: కోయంబేడు

మెట్రో ఉదయం 5 గంటలకు మొదలవుతుంది. అశోక్ నగర్ నుంచి వడపళని, అరుంబాక్కం, సీఎంబీటీ దాటితే కోయంబేడు. ఆరింటికల్లా లోపల ఉండేట్టు చూసుకోండి. తెల్లవారుజామున లారీల సరుకు, హోల్‌సేల్ బేరాలు నడుస్తాయి. మనలాంటి ఇంటి వాళ్లకు ఆరు నుంచి ఏడున్నర మధ్య సమయం బాగుంటుంది. రద్దీ కాస్త తగ్గుతుంది, కాయ ఇంకా తాజాగా ఉంటుంది, ఎండ ఎక్కదు. ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు వైపు ఉండేవాళ్లు పొద్దున్నే కారులో రావడం మంచిది, తిరుగు ప్రయాణం ఎనిమిదిన్నర లోపే పెట్టుకోండి.

పిల్లలను తీసుకెళ్లాలా అని చాలామంది అడుగుతారు. నా మాట, తీసుకెళ్లండి. కానీ ఒక పెద్దవాళ్లకు ఒక పిల్ల లెక్కన. ఇది సుమారు 295 ఎకరాల మార్కెట్. కూరగాయలు, పళ్లు, పూలు వేర్వేరు భాగాలు. 1996లో జార్జ్ టౌన్‌లోని పాత కొత్వాల్ చావడి మార్కెట్‌ను ఇక్కడికి మార్చారు. నెత్తి మీద బస్తాలతో మనుషులు ‘వళి, వళి’ అంటూ వేగంగా వస్తుంటారు, దారి ఇవ్వమని ఆ మాట. వినగానే గోడవైపు జరగాలని పిల్లలకు ముందే చెప్పండి. మా బాబు మొదటిసారి ఆ మాట నేర్చుకుని ఇంట్లో కూడా వారం రోజులు ‘వళి, వళి’ అంటూ తిరిగాడు.

ముందు మామిడికాయ కొనాలి, కూరగాయలు తర్వాత. మన చూపు, ఓపిక రెండూ మొదటి అరగంటే బాగుంటాయి, వాటిని కాయకు ఇవ్వాలి. మూడు కొట్లు చూడకుండా కొనకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడ పచ్చి మామిడి అనగానే మీ ముందు పెట్టేది చాలాసార్లు కిళిమూక్కు మాంగాయ్. పొడుగ్గా, కొస దగ్గర చిలక ముక్కులా వంపు తిరిగి ఉంటుంది. మనం కలెక్టర్ కాయ అంటాం, తోతాపురి అంటారు. ఉప్పు కారం అద్దుకు తినడానికి చాలా బాగుంటుంది, ఆవకాయకు పనికిరాదు. పులుపు తక్కువ, టెంక పలచన. నేను మొదటి ఏడు కొన్నది ఇదే. పెద్ద కాయలు, నిగనిగలాడుతున్నాయని ఐదు కిలోలు తెచ్చాను. ఆగస్టుకల్లా ముక్కలు మెత్తబడి, పచ్చడి తియ్యగా తయారైంది. ఫోన్‌లో చెబితే అమ్మ, “కాయ కోసి చూడకుండా ఎట్లా కొన్నావే? నాలిక మీద పెట్టుకుంటే ఒళ్లు జలదరించాలి, అప్పుడు కొనాలి” అంది.

‘నాట్టు మాంగాయ్’ అని అడగండి, నాటు కాయ అని. ‘ఊరుగాయ్‌కు’ అని కూడా చెప్పండి, పచ్చడికి అని అర్థం. అమ్మేవాళ్లకు ఆ మాటతో మీకేం కావాలో తెలిసిపోతుంది. కాయ గుండ్రంగా, అరచేతిలో పట్టేంత, ముదురాకుపచ్చ రంగులో, బరువుగా ఉండాలి. నొక్కితే రాయిలా ఉండాలి. ముచ్చిక దగ్గర పసుపు ఛాయ కనిపిస్తే వదిలేయండి. ఒక కాయ కోసి చూపించమనండి. కొనేవాళ్లు అడగడం మామూలే, ఏమీ అనుకోరు. కోసినప్పుడు మూడు చూడాలి. లోపల తెల్లగా ఉండాలి, పసుపు రంగు తిరిగి ఉండకూడదు. టెంక కత్తికి అడ్డం పడేంత గట్టిగా ఉండాలి. ముక్క నోట్లో వేసుకుంటే పుల్లగా ఉండాలి. మన వైపు చిన్న రసాలు, కొత్తపల్లి కొబ్బరి దొరికితే అదృష్టమే, కానీ ఇక్కడ ఆ పేర్లు పట్టుకుని తిరిగితే మధ్యాహ్నం అవుతుంది. పేరు కాదు, ఈ మూడు లక్షణాలు చూసుకోండి.

నలుగురున్న ఇంటికి 3 కిలోల కాయ చాలు. జీడి, పొర, పాడైనవి పోను 2 కిలోలకు పైగా ముక్క వస్తుంది. మార్కెట్‌లోనే ముక్కలు కొట్టించుకోకండి. కడగని కాయను కోస్తే తర్వాత ముక్కను కడగలేం, ముక్కకు నీళ్లు తగిలితే బూజు వస్తుంది. కత్తిపీట సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కాలని కూడా చూడకండి, తనిఖీలో ఆపేస్తారు. కాయ ఇంటికి తెచ్చుకోవడమే మార్గం.

కాయ అయ్యాక వెల్లుల్లి, ఆ తర్వాత వారానికి కూరగాయలు, రెండు కట్టలు గోంగూర. పది నిమిషాలు మిగిలితే పిల్లలను పూల మార్కెట్ వైపు తిప్పండి. మల్లెమొగ్గలు బస్తాల్లోంచి గుట్టలుగా పోసి తూకానికి అమ్ముతుంటారు. ఊళ్లో వీధిలో మూర లెక్కన కొనే పూలు ఇక్కడ కిలోల్లో చూసి మా పాప నోరు తెరిచింది. పావు కిలో కొంటే ఇంట్లో దేవుడికి, మన జడకు, పక్కింటి వాళ్లకు కూడా సరిపోతాయి.

శనివారం ఇంట్లో: ముక్క నుంచి జాడీ దాకా

ఎనిమిదిన్నరకు ఇంటికి రాగానే కాయలను ఒక బకెట్ నీళ్లలో అరగంట వేయండి, ముచ్చిక దగ్గర సొన పోతుంది. తీసి ఒక్కొక్కటి పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద మరో గంట ఆరబెట్టండి. ఈ గంట మీరు టిఫిను చేసి కాస్త నడుం వాల్చండి, ఎందుకంటే తర్వాత ఆగడానికి వీలుండదు.

కత్తిపీట మాకు ఊరి నుంచి వచ్చింది, ఆవకాయ కోసమే చేయించిన పెద్దది. అది లేనివాళ్లు ఆరిన కాయలను శుభ్రమైన సంచిలో వేసుకుని, మీ పేటలో కొట్టి ఇచ్చేవాళ్ల దగ్గరికి నడిచి వెళ్లండి. ఈ రోజుల్లో వీధి చివర కూరగాయల వాళ్లలో ఎవరో ఒకరు కొట్టి ఇస్తారు. ‘కొట్టైయోడ వెట్టి కుడుంగ’ అని చెప్పండి, టెంకతో సహా కోయమని. ఇది చెప్పకపోతే టెంక తీసేసి కండ మాత్రం ముక్కలు చేసి ఇస్తారు, ఇక్కడి మాంగాయ్ ఊరుగాయ్‌కు అదే పద్ధతి. ప్రతి ముక్కకూ ఒక పక్క టెంక అంటుకుని ఉండాలి. సంవత్సరం పాటు ముక్క చెదరకుండా పట్టి ఉంచేది ఆ టెంకే.

ముక్కల్లోంచి జీడి, దాన్ని చుట్టి ఉండే పలచని పొర తీసేసి, ఒక్కో ముక్కను పొడి గుడ్డతో తుడవాలి. ఇది పిల్లల పని. పాప తుడుస్తుంది, బాబు వెల్లుల్లి వలుస్తాడు. వాడి చేత వలిపించాలంటే ముందే పాయలు విడదీసి ఎండలో ఓ అరగంట ఉంచండి, పొట్టు ఊరికే వస్తుంది. తుడిచిన ముక్కలు రెండు గంటలు గుడ్డ మీద ఫ్యాన్ గాలికి ఆరాలి.

ఇప్పుడు ముక్కలు తూచండి. 2 కిలోల ముక్కలకు అరకిలో ఆవపిండి, అరకిలో కారం, 400 గ్రాముల ఉప్పు పొడి, లీటరు పప్పు నూనె, పావు కిలో వెల్లుల్లి, గుప్పెడు మెంతులు, ఒక చెంచా పసుపు. ముక్కలు ఎక్కువ తక్కువైతే ఇదే లెక్కన మార్చుకోండి. అయొడైజ్డ్ మెత్తటి ఉప్పు కాకుండా, ఎండబెట్టి దంచిన రాళ్ల ఉప్పే వాడండి.

పొడులన్నీ పెద్ద బేసిన్‌లో బాగా కలపండి, ఉండలు ఉండకూడదు. నూనె కాచకండి, పచ్చిదే పోయాలి. వేరే గిన్నెలో సగం నూనె పోసుకుని, గుప్పెడు గుప్పెడు ముక్కలు అందులో ముంచి, పొడిలో దొర్లించి, జాడీలో వేయండి. మధ్యమధ్యలో వెల్లుల్లి రెబ్బలు. మిగిలిన పొడి, నూనె పైన పోసి, మూత పెట్టి, పొడి గుడ్డతో వాసెన కట్టేయండి. చేయి పూర్తిగా పొడిగా ఉండాలి. ఒక్క నీటి చుక్క పడినా ఆ చుట్టూ బూజు మొదలవుతుంది, చెన్నై చెమ్మకు అది ఇంకా త్వరగా వస్తుంది. చెమట కూడా నీళ్లే. కలిపే గదిలో ఫ్యాన్ వేసుకోండి, నుదుటికి గుడ్డ కట్టుకోండి.

జాడీని నేల మీద, గోడకు ఆనకుండా, వంటింట్లో పొయ్యికి దూరంగా పెట్టండి. మూడో రోజు దాకా దాని ఊసు వద్దు.

బేసిన్ అడుగున మిగిలిన పొడిలో వేడి అన్నం, ఇంకాస్త నూనె వేసి కలిపి అందరికీ ఒక్కో ముద్ద పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. ఆ పూట ఘాటు ఇంకా పూర్తిగా పుట్టి ఉండదు, పిల్లలు కూడా తినగలరు.

ఆదివారం: ఎగ్మోర్ మ్యూజియం

ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. మన దేశంలో కలకత్తా మ్యూజియం తర్వాత పాతది ఇదే. శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. ఉదయం తొమ్మిదిన్నరకు తెరుస్తారు. ఎండ పెరిగే వేళ లోపల ఉండటం మంచిది కాబట్టి పదింటికల్లా అక్కడ ఉండండి. గ్రీన్ లైన్‌లో కోయంబేడు దాటాక ఎనిమిదో స్టేషన్ ఎగ్మోర్. కోయంబేడు దాకా పైన నడిచే రైలు తిరుమంగళం దగ్గరికి వచ్చేసరికి భూమి లోపలికి దిగుతుంది, పిల్లలను ఆ పక్క కిటికీ దగ్గర నిలబెట్టండి. ఎగ్మోర్‌లో దిగాక ఆటో మాట్లాడుకుని పాంథియాన్ రోడ్డు మ్యూజియం అనండి, దగ్గరే. ఎండలో పిల్లలను నడిపించకండి.

టికెట్ కొనేటప్పుడే ఈ రోజు ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయి, అమరావతి గ్యాలరీ తెరిచి ఉందా అని అడగండి. మరమ్మతులుంటే అక్కడే తెలుస్తుంది, దాన్ని బట్టి ముందు ఎటు వెళ్లాలో తేల్చుకోవచ్చు. ఈ ఆవరణలో చాలా భవనాలున్నాయి. ఒక్క పూటలో అన్నీ చూడాలనుకుంటే పిల్లలకు ఏదీ గుర్తుండదు. అమరావతి శిల్పాలు, కంచు విగ్రహాలు, ఈ రెండే పెట్టుకోండి.

లోపలికి వెళ్లే ముందు పిల్లలకు కథ చెప్పండి. కృష్ణ ఒడ్డున ధాన్యకటకం అనే ఊరు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ పెద్ద బౌద్ధ స్తూపం కట్టి, దాని చుట్టూ పల్నాడు సున్నపురాయి పలకలు నిలబెట్టారు. మార్బుల్ అంటారు కానీ అది పాలరాయి కాదు, సున్నపురాయి. తర్వాత అందరూ మరిచిపోయి అది మట్టిదిబ్బ అయిపోయింది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ అమరావతి పట్టణం కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోంచి రాళ్లు తీసి వాడుకున్నారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూశాడు, తర్వాత మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి చాలా పలకలను మద్రాసు పంపాడు. అవి ఇక్కడ చాలా ఏళ్లు ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో నూటికి పైగా రాళ్లు ఓడ ఎక్కి లండన్ వెళ్లాయి, ఈనాటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. మద్రాసులో మిగిలినవీ ఆ తర్వాత తవ్వకాల్లో వచ్చి చేరినవే మనం చూడబోయేవి. నేను ఈ కథ మెట్రోలోనే చెప్పాను. “అయితే అవి కూడా మనలాగే ఊరు వదిలి వచ్చాయా అమ్మా?” అంది పాప.

లోపల మూడు పనులు పెట్టండి. మొదటిది, బుద్ధుడు కనబడకుండా ఉన్న బుద్ధుణ్ణి వెతకడం. పాత పలకల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, బోధివృక్షం, ధర్మచక్రం, వీటి ముందు జనం మొక్కుతుంటారు. ఎవరు ఎక్కువ పట్టుకుంటే వాళ్లకు సాయంత్రం ఐస్‌క్రీం ఎంపిక.

రెండోది, నలగిరి ఏనుగు. గుండ్రటి పలక మీద ఒకే కథ రెండు భాగాలుగా ఉంటుంది. ఒకవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషులను తొక్కుతూ, తొండంతో ఎత్తి విసురుతుంటుంది. జనం బెదిరి ఒకరినొకరు పట్టుకుంటారు, మేడ కిటికీల్లోంచి ఆడవాళ్లు చూస్తుంటారు. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంటుంది. పక్కనే నిలబడి పది నిమిషాలు చూడండి, చూసేకొద్దీ కొత్త ముఖాలు కనిపిస్తాయి. మా బాబు ఏనుగు రెండుసార్లు ఎందుకుందని అడిగి, తనే జవాబు చెప్పుకున్నాడు, అది కోపంగా ఉన్న ఏనుగు, ఇది సారీ చెప్పిన ఏనుగు అని.

మూడోది, స్తూపం బొమ్మే చెక్కి ఉన్న పలక. ఇప్పుడు అమరావతిలో పైభాగం లేదు, అసలు స్తూపం ఎలా ఉండేదో ఇలాంటి పలకల వల్లే తెలిసింది. వీటి మధ్య పూర్ణఘటం కూడా వెతకమనండి, తామరలతో నిండిన కుండ. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నది ఆ కుండే. ఫోన్‌లో రాజముద్ర బొమ్మ పెట్టుకుని పోల్చి చూడటం పాపకు బాగా నచ్చింది. పెద్దపిల్లలుంటే ఇంకో మాట. తొలి తెలుగు పదంగా మన పాఠాల్లో చెప్పే ‘నాగబు’ దొరికింది అమరావతి రాతి మీదే.

కంచు విగ్రహాల్లో తిరువాలంగాడు నటరాజును తప్పక చూడండి. ముందు నుంచి చూసి వదలకండి, పక్కకు వెళ్లి ఎత్తిన కాలి తూకం చూడండి.

అదే ఆవరణలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. పాత భవనం బయట నుంచి చూసినా చాలు.

సాయంత్రం

పన్నెండున్నరకు పిల్లలు అలిసిపోతారు. ఎగ్మోర్‌లో భోజనం చేసి ఇంటికి వచ్చి నిద్రపోవడమే మంచిది. ఓపిక ఉన్నవాళ్లు ఐదింటికి మెరీనా వెళ్లండి. అక్కడ నీళ్లలోకి దిగి ఈత కొట్టడం నిషేధం, లోపలి లాగుడు బలంగా ఉంటుంది. పాదాలు తడిస్తే చాలు, పిల్లల చేయి వదలకండి. తేంగాయ్ మాంగాయ్ పట్టాణి సుండల్ పొట్లం కొనండి. కొబ్బరి, పచ్చి మామిడి, ఉడికించిన బఠానీ. ఈ పచ్చి మామిడి ఏ కాయై ఉంటుందో పిల్లలను అడగండి, శనివారం నేర్చుకున్నది గుర్తుందో లేదో తెలుస్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే దారిలో రాయపేట హై రోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం దగ్గర ఒక నిమిషం ఆగండి. 1952లో 58 రోజుల నిరాహార దీక్ష చేసి ఆయన ప్రాణం విడిచింది ఆ ఇంట్లోనే. మా మామయ్య వచ్చినప్పుడు అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు.

సోమవారం రాత్రి: తిరగ కలపడం

మూడో రోజు వాసెన విప్పండి. ఘాటు ముక్కుకు తగలాలి. ముక్కల ఊట పైకి వచ్చి పొడి అంతా తడిసి ఉంటుంది. ఎండిన గరిటెతో అడుగు దాకా కలిపి, కాస్త అన్నంలో రుచి చూడండి. ఈ రోజు ఉప్పు ఒక పిసరు ఎక్కువగానే అనిపించాలి, ముక్క ఇంకా పీల్చుకుంటుంది. సరిగ్గా ఉందనిపిస్తే తక్కువైనట్టే, ఒక గుప్పెడు కలపండి. నూనె ముక్కల మీద ఒక వేలి మందం తేలాలి, తేలకపోతే ఇంకో పావు లీటరు పోయండి.

వారం రోజులకు వాడుకోవడానికి ఒక చిన్న గాజు సీసాలో తీసుకుని, పెద్ద జాడీని మళ్లీ కట్టి పెట్టేయండి. రోజూ జాడీలో గరిటె పెట్టకూడదు.

చివరగా ఒక కాగితం. కాయ ఏ రకం, మార్కెట్‌లో ఏ వైపు కొన్నారు, ముక్కల తూకం, ఉప్పు ఎంత పట్టింది, కలిపిన తేదీ రాసి జాడీకి అంటించండి. మా జాడీ మీద కాగితం పాప రాసింది. నాట్టు మాంగాయ్, 2 కిలోల 200 గ్రాములు, ఉప్పు ఒక గుప్పెడు ఎక్కువ వేశాం. కింద మూలన ఏనుగు బొమ్మ కూడా వేసింది, మోకరిల్లిన ఏనుగు.